ఒకటో తేదీ పింఛను: మా అవ్వ వాడుతున్న సేవ మీద నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటి ఎందుకో కింద వివరంగా రాస్తాను, కాస్త ఓపికగా చదవండి.

నేను రాస్తున్నది ఇంటి దగ్గరికే తెచ్చి ఇచ్చే పింఛను గురించి, అంటే ఇప్పుడు ఎన్టీఆర్ భరోసా అంటున్నారే, దాని గురించి. వాడుతున్నది మా అవ్వ. ఊరు కర్నూలు జిల్లాలో కోసిగి పక్కన. నేను కర్నూల్లో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను, నెలకోసారి, కుదిరితే సరిగ్గా ఒకటో తేదీకే ఊరికి పోతాను. 2008లో మా తాత పోయాక అవ్వకు వితంతు పింఛను మొదలైంది. అప్పుడు నెలకు 200. 2014 అక్టోబరులో 1,000 అయింది, 2019లో ముందు 2,000, తర్వాత 2,250, అలా మెట్లుమెట్లుగా 2024 జనవరికి 3,000, అదే ఏడు జులై నుంచి 4,000. ఆ జులైలో అయితే ఏప్రిల్ నుంచి పెంచిన బకాయి కూడా కలిపి ఒకేసారి 7,000 చేతిలో పెట్టారు, అవ్వ ఆ రోజు రెండుసార్లు లెక్కపెట్టించుకుంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొన్న ఆఫీసులో టీ దగ్గర పెద్ద వాదన జరిగింది. దేశంలో అందరికీ, ఉన్నవాడికీ లేనివాడికీ, ఏ షరతూ లేకుండా నెలనెలా ఇంత అని డబ్బు ఇచ్చేస్తే పేదరికం పోతుందా అని. యూనివర్సల్ బేసిక్ ఇన్‌కమ్ అంటారు దీన్ని. ఒకాయన జనం సోమరిపోతులు అయిపోతారన్నాడు, ఇంకొకాయన ఏడాదిలో పేదరికం మాయమన్నాడు. ఇద్దరూ గట్టిగానే మాట్లాడారు కానీ ఒకటో తేదీ పొద్దున ఒక పల్లెలో అరుగు మీద కూర్చుని చూసినట్టు ఇద్దరి మాటల్లోనూ నాకు అనిపించలేదు. మా ఇంట్లో ఈ ప్రయోగం చిన్న ఎత్తున పదిహేనేళ్లకు పైగా నడుస్తోంది. నేను చూసింది చెప్తాను.

ముందు డెలివరీ సంగతి. ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం అమ్మాయి వస్తుంది. ఫోను, చిన్న వేలిముద్ర మిషను, భుజాన సంచి. అవ్వ అప్పటికే స్నానం చేసి తల దువ్వుకుని అరుగు మీద కూర్చుని ఉంటుంది. పత్తి తీసి, మిరప కోసి, కలుపు పీకి అరిగిపోయిన వేళ్లు ఆమెవి, నాలుగుసార్లు పెడితే మూడుసార్లు ముద్ర పడదు. అప్పుడు కన్ను చూపిస్తుంది, అదీ కాకపోతే ఫోన్లో ముఖం. అంతా కలిపి పది నిమిషాలు. ఎనిమిది ఐదు వందల నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. ఒకటో తేదీ ఆదివారమో సెలవో అయితే ముందు రోజే ఇచ్చేస్తారు, 2025 జనవరి డబ్బు 2024 డిసెంబరు 31నే వచ్చింది. నెల జీతగాణ్ని, నాకే ఇంత కచ్చితంగా డబ్బు పడదు. పాత రోజుల్లో పంచాయతీ ఆఫీసు ముందర పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముసలివాళ్లు గోడ నీడ పట్టుకుని కూర్చునేవాళ్లు, ఈ రోజు ఇస్తారని చెప్పి రేపు రమ్మనేవాళ్లు. 2020 ఫిబ్రవరి నుంచి వలంటీర్లు ఇంటికి తెచ్చి ఇవ్వడం మొదలయ్యాక ఆ కూర్చోవడం పోయింది. ఇప్పుడు వలంటీర్లు లేరు, సచివాలయం వాళ్లు తెస్తున్నారు. ఎవరి ప్రభుత్వం అన్నది నాకు ముఖ్యం కాదు, గడప దగ్గరికి వస్తుందా లేదా అన్నదే ముఖ్యం.

తేదీ తెలిసిన డబ్బుకు ఊళ్లో విలువ వేరు. ఇది చాలామందికి అర్థం కాదు. మా వీధి కొట్టాయన ఒకప్పుడు అవ్వకు అర కిలో పప్పు అప్పివ్వడానికి కూడా ‘ఎప్పుడిస్తావు’ అని పదిమందిలో అడిగేవాడు. ఇప్పుడు అడగడు, ఒకటో తేదీ వస్తుందని ఆయనకూ తెలుసు. మందుల షాపు అంతే. ఉపాధి పని డబ్బుకు ఆ పరపతి లేదు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది, దాని వల్ల మా ఊరు ఎన్నో వేసవులు గట్టెక్కింది, నేను కాదనను. కానీ మా వదిన మట్టి పని చేసిన వారాల డబ్బు ఒక్కోసారి నెల దాటినా బ్యాంకులో పడేది కాదు. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును నమ్మి కొట్టాయన ఎవరికి అప్పిస్తాడు?

అవ్వ 4,000 ఎక్కడికి పోతుందో నేను ఒక నెల కూర్చుని రాసుకున్నాను. బీపీ, షుగర్ మాత్రలకు 650. వదిన పొదుపు సంఘం కంతు 1,000. ఊళ్లో చీటీకి 500. పాలు, పప్పు, నూనె, చింతపండు, రొట్టెలకు జొన్నలు అన్నీ కలిపి 1,300 దాకా. మిగిలింది కోసిగికి ఆటో, పిల్లల నోట్‌బుక్కులు, శనివారం సంతలో వాళ్లకు బొరుగులు, మిర్చి బజ్జీలు. బియ్యం రేషన్లో వస్తాయి. సారాకు, జల్సాకు ఎంత పోయిందని అడిగేవాళ్లకు చెప్తున్నా, ఆ కాగితంలో అలాంటి లైను లేదు. సోమరితనం సంగతి కూడా చెప్పాలి కదా, డెబ్బై దాటిన మనిషి ఇప్పటికీ రెండు మేకలు మేపుతోంది, అవి చీటీ ఎత్తినప్పుడు కొన్నవే.

ఈ డబ్బు వచ్చాక ఇంట్లో ఆమె మాట తీరే మారిపోయింది. ఒకప్పుడు మాత్రలు అయిపోతే మా అన్నకు చెప్పడానికి రెండు రోజులు వెనకాడేది, ఆయన దగ్గర ఉండదని తెలిసి. చెప్పకుండానే మానేసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు నెలాఖరులో అన్నే వచ్చి ‘అవ్వా, ఒక రెండు వందలుంటే ఇయ్యి’ అంటాడు. ‘నా దుడ్లు నేను తింటాండా నాయనా, ఎవరి కాడా చెయ్యి చాపనీకి లేదు’ అని అవ్వ నాతో అన్నప్పుడు ఆమె గొంతు నాకు ఇంకా గుర్తుంది. పేదరికంలో సగం బాధ ఆకలి అయితే తక్కిన సగం అడుక్కోవడం. ఆ రెండో సగాన్ని ఈ సేవ పూర్తిగా తీసేసింది, నేను ఇస్తున్న నాలుగు నక్షత్రాల్లో మూడు దానికే.

ఇక సుగ్గి. మా పడమటి వైపు, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. వేరేవాళ్ల కోసం చెప్తున్నా: దసరా దీపావళి మధ్యలో ఇళ్లకు తాళాలు వేసి, మూటలు, గిన్నెలు, పొయ్యి, చంటిపిల్లలతో సహా బండ్లెక్కి పత్తి తీయడానికి తెలంగాణ వైపు, తర్వాత మిరప కోతకు గుంటూరు వైపు పోతారు. మళ్లీ ఉగాదికే రావడం. అదే సుగ్గి. మా వీధిలో కార్తీకం వచ్చేసరికి ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. మా అన్న, వదిన ఏటా పోతారు. ఇంతకు ముందు పిల్లలిద్దర్నీ తీసుకుపోయేవాళ్లు, అవ్వ కూడా చంటిదాన్ని చూసుకోవడానికి పోయేది, పింఛను పోతుందన్న భయంతో ఒకటో తేదీకి గుంటూరులో రైలెక్కి గుంతకల్లులో దిగి మళ్లీ కోసిగి బండి పట్టుకుని వచ్చేది. ఒక నెల తీసుకోకపోతే ఆ నెల డబ్బు పోయేది అప్పట్లో. ఇప్పుడు రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు, 2024 డిసెంబరు నుంచి వచ్చిన ఈ మార్పు సుగ్గి పల్లెలకు ఎంత మేలో చెప్పలేను.

2020 ఏప్రిల్లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు అన్నావదినలు గుంటూరు వైపు ఒక పొలంలో గుడారం వేసుకుని ఇరుక్కుపోయారు. ఆ ఏడు పిల్లలు అవ్వతో ఊళ్లోనే ఉన్నారు. ఆ నెల 2,250 ఇంటికి రాకపోయి ఉంటే ఆ ముగ్గురూ ఏం తినేవాళ్లో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ. అప్పటి నుంచే ఇంట్లో ఒక నిర్ణయం జరిగింది, పిల్లలు ఇక సుగ్గికి రారు, అవ్వ దగ్గరే ఉంటారు అని. పెద్దవాడు ఇప్పుడు పదో తరగతి. వాళ్ల నాయన ఐదో తరగతిలో సుగ్గికి పోయి మళ్లీ బడి ముఖం చూడలేదు. ముసలామె పింఛను పిల్లవాడి చదువైంది. లెక్కల్లో ఇది ఎక్కడా కనిపించదు, ‘వితంతు పింఛను, ఒకటి’ అనే ఉంటుంది.

ఇంత చేసినా అన్నావదినల సుగ్గి మాత్రం ఆగలేదు. ఆఫీసు వాదనకు నా జవాబు ఇక్కడుంది. రెండున్నర ఎకరాల మెట్ట పొలంలో అన్న రెండు బోర్లు వేశాడు, రెండూ ఎండిపోయాయి. తుంగభద్ర మా మండలం అంచునే పారుతుంది, మా చేనికి చుక్క రాదు. ఆ బోర్లకు తెచ్చిన అప్పు లక్షన్నర, రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు వడ్డీనే 3,000. అవ్వ మొత్తం పింఛను తీసుకుపోయి వడ్డీకి కట్టినా ఇంటికి వెయ్యి మిగులుతుంది, అసలు అసలుగానే ఉంటుంది. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ అయితే సీజను ముందు ఒకేసారి 30,000 అడ్వాన్సు ఇస్తాడు, అందుకే వాళ్లు మేస్త్రీ వెంట పోతారు. పేదవాడి ఇంట్లో ఖర్చు నెలనెలా సమానంగా రాదు. ఆసుపత్రి, బోరు, పెళ్లి, చావు, ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. నెలసరి డబ్బు రోజు గడుపుతుంది కానీ ఆ పెద్ద దెబ్బకు అడ్డు నిలబడదు.

కెన్యాలో ఇదే విషయం బయటపడిందని చదివాను. అక్కడ గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ దాదాపు రెండు వందల పల్లెల్లో డబ్బు పంచి చూసింది. కొన్నింటికి రెండేళ్ల పాటు నెలనెలా, కొన్నింటికి పన్నెండేళ్ల పాటు నెలనెలా, కొన్నింటికి అంతా ఒకేసారి. ఒకేసారి తీసుకున్నవాళ్లు, పన్నెండేళ్లు వస్తుందన్న భరోసా ఉన్నవాళ్లు చిన్న వ్యాపారాలు పెట్టుకుని బాగుపడ్డారు, రెండేళ్లే అన్నవాళ్లు అంతగా కాదు. పన్నెండేళ్ల వాళ్లు ఏం చేశారో తెలుసా, నెలసరి డబ్బుతో చీటీలు కట్టి, ఒక్కొక్కరు ఒక్కోసారి పెద్ద మొత్తం ఎత్తుకున్నారు. మా అవ్వ 500 చీటీ కట్టి మేకలు కొన్నట్టే! ఎక్కడో ఆఫ్రికాలో జనం, మా కోసిగి పక్కన అవ్వ ఒకే లెక్క వేశారని చదివి నాకు నిజంగా సంతోషమేసింది.

మన దేశంలోనూ చేశారు. 2011, 2012ల్లో మధ్యప్రదేశ్‌లో సేవ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ కలిసి ఎనిమిది పల్లెల్లో పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 చొప్పున, తర్వాత 300, 150 చొప్పున అందరికీ ఇచ్చి చూశాయి. పిల్లల తిండి మెరుగైంది, అప్పులు తగ్గాయి, మేకలు బర్రెలు కొన్నారు, తాగుడు పెరగలేదు, కూలికి పోయేవాళ్లు సొంత పొలంలో ఎక్కువ పని చేశారు. సోమరులవుతారు అన్న మా ఆఫీసు పెద్దమనిషికి ఇదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

డబ్బు లెక్కకు వద్దాం. కేంద్రం 2016-17 ఆర్థిక సర్వేలో ఈ బేసిక్ ఇన్‌కమ్ మీద ఒక పూర్తి అధ్యాయమే ఉంది. అప్పటి ధరల్లో మనిషికి ఏడాదికి 7,620 ఇస్తే, పైనున్న నాలుగో వంతు జనాన్ని పక్కన పెడితే, పేదరికం దాదాపు పోతుందని, ఖర్చు దేశ ఆదాయంలో సుమారు 5 శాతం అవుతుందని రాశారు. 7,620 అంటే నెలకు 635. మా అవ్వ ఇప్పటి మాత్రల ఖర్చుకు 15 రూపాయలు తక్కువ. పేదరికపు గీతను అంత కిందికి గీస్తే ఆ గీత దాటించడం సులువే, గీత దాటిన మా అన్న మాత్రం ఇంకా మిరప చేలోనే ఉంటాడు. పోనీ అందరికీ అవ్వలాగే 4,000 ఇద్దామా? రాష్ట్రంలో జనం సుమారు 5 కోట్లు అనుకుంటే ఏడాదికి 2.4 లక్షల కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్టే 3.22 లక్షల కోట్లు. అంటే బళ్లు, ఆసుపత్రులు, కాలువలు, జీతాలు అన్నీ మిగిలిన దాంట్లోనే నడవాలి. కుదరదు. నెలకు 1,000 అనుకుంటే 60,000 కోట్లు, అది కూడా భారమే కానీ ఊహకు అందే లెక్క. ఇప్పుడు 60 లక్షల మందికి పైగా ఇస్తున్న పింఛన్లకే ఏడాదికి 30,000 కోట్లు దాటుతోంది.

అలాంటప్పుడు అందరికీ ఎందుకు, పేదవాళ్లను ఏరి వాళ్లకే ఇవ్వచ్చు కదా అంటారు. నేనూ ఒకప్పుడు అదే అనేవాణ్ణి. నేను తగ్గించిన ఆ ఒక్క నక్షత్రం కథ ఇదే, మా పక్కింటి పెద్దమ్మ కథ.

పెద్దమ్మకు 67 ఏళ్లు. వృద్ధాప్య పింఛను వచ్చేది. ఒక నెల సంచి అమ్మాయి వచ్చి ‘నీ పేరు లిస్టులో లేదు పెద్దమ్మా’ అంది. కారణం కరెంటు. ఇంటికి నెలకు 300 యూనిట్లు దాటితే పింఛనుకు అర్హత లేదన్నది రూలు. పెద్దమ్మ ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఏమయిందని తిరిగితే ఆమె ఆధార్‌కు మూడు మీటర్లు కట్టి ఉన్నాయని తేలింది, అందులో ఒకటి ఎవరిదో పిండిమిల్లుది. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. సచివాలయానికి పోతే కరెంటు ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడికి పోతే కాగితం తెమ్మన్నారు, కాగితం ఇస్తే ఆన్‌లైన్లో మారలేదన్నారు. నేను సెలవు పెట్టి మూడుసార్లు వెంట పోయాను, చదువుకున్న నాకే టెన్షన్ వచ్చింది, ఆమె ఒక్కతే అయితే మొదటి రోజే వదిలేసేది. ఇది రాసేనాటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఆమె అమ్మినవి చెవి కమ్మలు. మా అవ్వ తన దాంట్లోంచి పప్పో నూనో పంపిస్తోంది.

ఒక్క కరెంటే కాదు. మాగాణి మూడు ఎకరాలు దాటకూడదు, మెట్ట పది దాటకూడదు, పల్లెలో ఇంటి ఆదాయం నెలకు 10,000 దాటకూడదు, కారు ఉండకూడదు, ఇంట్లో ఎవరూ ఇన్‌కమ్ ట్యాక్సు కట్టకూడదు. విడివిడిగా చూస్తే అన్నీ న్యాయంగానే కనిపిస్తాయి. కానీ జల్లెడ ఎంత సన్నగా నేస్తే అంత మంచి పిండి కూడా తవుడుతో పాటు పైనే ఆగిపోతుంది. ఎక్కడో బెంగళూరులో ఉన్న కొడుకు పేరు ఇంకా రేషన్ కార్డులో ఉంటే వాడు కొన్న పాత కారు ఊళ్లో తల్లి పింఛనుకు ఎసరు పెడుతుంది. ఇంటికి ఒకటే అన్న రూలు ఉంది కాబట్టి తాత తీసుకుంటుంటే అవ్వకు రాదు. అందరికీ ఇచ్చే డబ్బుకు ఈ జల్లెడ అక్కర్లేదు, మనిషై ఉంటే చాలు, అందుకే నేను ‘అందరికీ’ అన్నవాళ్ల వైపు మారాను. ఉన్నవాడికి పోయిన వెయ్యిని పన్నుల్లో వెనక్కి లాక్కోవచ్చు. పెద్దమ్మ ఏడు నెలల ఆకలిని ఏ పోర్టల్లో వెనక్కి ఇస్తారు?

2024 ఏప్రిల్, మే నెలల్లో ఎన్నికల వేళ ఇంటికి తెచ్చివ్వడం ఆగింది, అదీ రాయాలి. ఏప్రిల్లో సచివాలయానికి రమ్మన్నారు, మేలో బ్యాంకు ఖాతాలో వేశారు. అవ్వ ఖాతా వాడక మూతపడి ఉంది. ఆ ఎండలో ఆటోలో బ్యాంకుకు రెండుసార్లు, లైన్లో నిలబడితే కళ్లు తిరిగి కూలబడింది. బ్యాంకులో వేస్తే చాలు ఖర్చు తగ్గుతుంది అని బేసిక్ ఇన్‌కమ్ గురించి రాసేవాళ్లు తేలిగ్గా రాస్తారు, వాళ్లు దయచేసి మా ఊరి నుంచి మే నెలలో ఒక్కసారి బ్యాంకుకు వచ్చి పోవాలి.

నా కోరిక పెద్దదేం కాదు. అవ్వకు వచ్చినట్టే వదినకు కూడా, అరవై దాకా ఆగకుండా, 1,500 అయినా ఒకటో తేదీకి గడప దగ్గరికి రావాలి. 18 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకు అంతే ఇస్తామని 2024 ఎన్నికల్లో మాట ఇచ్చారు, వదినకు ఇంతవరకు అందలేదు. తుంగభద్ర అవతల రాయచూరు వైపు ఇచ్చిన మా మేనత్తకు కర్ణాటక ప్రభుత్వ గృహలక్ష్మి కింద 2,000 వస్తోంది, పండుగకు వస్తే వదిన ఆమెను ఆ వివరాలే అడుగుతుంది. దానితో పాటు చేనికి నీళ్లు, ఆసుపత్రిలో అప్పు చేయక్కర్లేని వైద్యం. ఈ మూడూ కలిస్తే మేస్త్రీ అడ్వాన్సు వద్దనగలిగే రోజు వస్తుంది. ఒక్క డబ్బుతోనే పేదరికం పోతుందా అంటే పోదు, డబ్బు లేకుండా మిగతావి ఇస్తే పోతుందా అంటే అదీ పోదు, మా ఇంట్లో నేను రెండూ చూశాను.

కొత్తగా వాడేవాళ్లకు రెండు మాటలు. వేలిముద్ర పడకపోతే వెనక్కి పంపనివ్వకండి, కంటితోనో ముఖంతోనో తీసుకోమని అడగండి. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు వెంటనే మార్చే వీలు ఇప్పుడు ఉంది, మరణ ధ్రువపత్రం తీసుకుని ఆలస్యం చేయకుండా సచివాలయంలో ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు ఎన్ని మీటర్లు కట్టి ఉన్నాయో పింఛను ఆగకముందే కనుక్కోండి.

పెద్దమ్మ పని మీద వచ్చే సోమవారం మళ్లీ కరెంటు ఆఫీసుకు పోతున్నాను. ఈసారి మూడు మీటర్ల నంబర్లూ, పిండిమిల్లు ఆయన రాసిచ్చిన కాగితమూ చేతిలో ఉన్నాయి.